తుపానుకు పేరు పెట్టిన నావికుడు

మహాబలేశ్వరమున పుట్టి, కొండలను కోనలను దాటి వచ్చిన కృష్ణవేణి విజయవాడకడ ఇంద్రకీలాద్రి పాదములను కడిగి, అటుపై సమతలమున ప్రవహించును. 1855లో అక్కడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఆ నీరు కాలువల వెంట ఊరూరికి చేరి, డెల్టా భూములను మాగాణములుగ మార్చినది. పులిగడ్డ వద్ద నది పాయలుగ చీలి, దివిసీమను తన కౌగిట నిడుకొని, సముద్రమును చేరుచున్నది. ఈ నేల ఎంత సారవంతమో అంత పల్లము. తీరము వెంబడి చాలచోట్ల అది సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తున మాత్రమే ఉన్నది. ఆశ్వయుజ కార్తీక మాసములలో వరి పొట్టకు వచ్చి వెన్ను తీయు వేళ, ఇచ్చటి రైతు ఒక కన్ను పైరు మీదను, ఒక కన్ను తూర్పు ఆకాశము మీదను ఉంచి కాలము గడుపును.

ఆ తూర్పుదిక్కున బంగాళాఖాతములో పుట్టి తీరముపై విరుచుకొని పడు విపత్తును మనము తుపాను అందుము. గాలివాన అనుట పెద్దల అలవాటు. దేశదేశముల నావికులును, శాస్త్రజ్ఞులును దానిని సైక్లోను అందురు. విజయవాడ వీధులలో ఆడుకొను పిల్లలకు సైతము తెలిసిన ఈ మాట ఇంగ్లండులో పుట్టలేదు, అమెరికాలో పుట్టలేదు. మన దేశమున కలకత్తా నగరమున పుట్టినది. దానిని కల్పించినవాడు ఏ విశ్వవిద్యాలయమునందును ఆచార్యపీఠము నలంకరించినవాడు కాడు. ఓడలు నడిపి జీవనము సాగించిన నావికుడు. ఆతని పేరు హెన్రీ పిడ్డింగ్టను.

పిడ్డింగ్టను 1797వ సంవత్సరము జనవరి 7వ తేదీన ఇంగ్లండు దేశమున ససెక్సు మండలములోని అక్‌ఫీల్డు అను చిన్న పట్టణమున జన్మించెను. యౌవనముననే వర్తకపు ఓడలలో చేరి, క్రమముగ కెప్టెను పదవిని పొంది, తూర్పు ఇండియా దీవులయందును చైనా సముద్రములయందును పెక్కుమార్లు ప్రయాణము చేసెను. అది తెరచాపల కాలము. గాలి వీచిన ఓడ కదలును, గాలి పడిపోయిన నిలుచును, గాలి పిచ్చియెత్తిన మునుగును. నడిసముద్రమున ఉన్న ఓడకు తీరమునుండి కబురు పంపు సాధనము ఏదియు లేదు. ఆకాశపు రంగు, అలల తీరు, గాలి బరువును తెలుపు పాదరసపు భారమితి—ఈ మూడింటిని చూచి కెప్టెను తన తెలివి కొలది నిర్ణయము చేసికొనవలసినదే. ఆ నిర్ణయము తప్పినచో దానిని దిద్దుకొనుటకు రెండవ అవకాశము దొరకుట అరుదు.

కొంతకాలమునకు పిడ్డింగ్టను సముద్రయానము మాని కలకత్తాలో స్థిరపడెను. ఓడ దిగినను ఆతనికి విశ్రాంతి లేదు. నేలల గుణములను పరీక్షించుట, పంటలను గూర్చి విచారించుట, ఖనిజములను పోగుచేయుట ఆతనికి ఇష్టమైన పనులు. 1832లో భారతదేశపు మొక్కల పేర్లకు ఒక సూచికను ప్రకటించెను. ఆసియాటిక్ సొసైటీ అను విద్వత్సభలో పనిచేసి, 1844 మొదలు ఖనిజ ప్రదర్శనశాలకు పాలకుడుగ ఉండెను. ఇన్ని పనులు చేసినను లోకము ఆతనిని వీనిలో ఏ ఒక్కదాని మూలముగను జ్ఞాపకముంచుకొనలేదు. ఆతనికి కీర్తి తెచ్చిన పని నలుబదియేండ్లు దాటిన తరువాత చేపట్టినది.

అంతవరకు తుపానులను గూర్చి జనులకుండిన తెలివి బహు స్వల్పము. పెనుగాలి ఒక దిక్కునుండి బయలుదేరి తిన్నగ మరియొక దిక్కునకు పోవునని పలువురు నమ్ముచుండిరి. అట్లయినచో తూర్పునుండి వీచిన గాలి కొన్ని గడియలలోనే పడమటినుండి ఏల వీచుచున్నదో వారికి తెలియదు. 1821లో అమెరికాలో ఒక తుపాను వెలసిన పిమ్మట రెడ్‌ఫీల్డు అనునతడు అడవుల వెంట నడచుచు ఒక వింతను కనుగొనెను. ఒకచోట చెట్లు ఒక దిక్కునకు తలలు వాల్చి పడియుండగా, కొన్ని క్రోసుల దూరమున చెట్లు దానికి సరిగ ఎదురు దిక్కునకు పడియుండెను. దీనినిబట్టి పెనుగాలి తిన్నగ పోవునది కాదనియు, గిరగిర తిరుగుచు ముందునకు సాగునదనియు ఆతడు గ్రహించెను. రీడు అను సైనికాధికారి ఈ విషయమునే మరింత విస్తరించి 1838లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథము కలకత్తాకు చేరి పిడ్డింగ్టను చేతబడెను. సముద్రముపై తాను ఏండ్ల తరబడి చూచినదానికంతకు అర్థము అందు ఆతనికి దొరికినది.

బంగాళాఖాతమున ఈ నియమము నిజమగునా, కాదా అని తేల్చుకొనుటకు పిడ్డింగ్టను పూనుకొనెను. ఆతడు అవలంబించిన పద్ధతి మిక్కిలి సులభమైనది, మిక్కిలి శ్రమతో కూడినది. ప్రతి ఓడలోను దినచర్య పుస్తకము ఒకటి ఉండును. ఏ గడియలో ఓడ ఎక్కడనున్నది, గాలి ఏ దిక్కునుండి వీచినది, భారమితి ఎంత పడినది—ఇవన్నియు అందు వ్రాయబడును. తుపానులో చిక్కి బయటపడిన ఓడ ఏదియైనను హుగ్లీ నదిలో ప్రవేశించినంతనే పిడ్డింగ్టను ఆ పుస్తకమును తెప్పించుకొని చదువును. ఒకే తుపానులో చిక్కిన పది ఓడల పుస్తకములు దొరికినచో, ఒకే గడియలో ఆ పది ఓడలు ఉన్న తావులను పటముపై గుర్తించి, ఒక్కొక్క తావున గాలి వీచిన దిక్కునకు ఒక బాణపు గుర్తును గీయును. గీత వెంట గీత చేరగా ఆ బాణములన్నియు ఒక చక్రముగ ఏర్పడును. మన సముద్రమున ఆ చక్రము ఎల్లప్పుడు గడియారపు ముల్లునకు ఎదురుగ తిరుగును; భూమధ్యరేఖకు దక్షిణమున దానికి మారుగ తిరుగును. 1839 జూను నెలలో వెలసిన తుపానుతో ప్రారంభించి, మరణించువరకు, ఇంచుమించు ఇరువదియేండ్లు ఆతడు ఈ పనిని విడువలేదు. ఒక్కొక్క తుపానును గూర్చి ఒక్కొక్క వ్యాసము వ్రాసి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించుచు వచ్చెను.

ఆతడు మొదటనే పరిశీలించిన తుపానులలో ఒకటి మన తెలుగు తీరమును తాకినది. కాకినాడకు సమీపమున గోదావరీ ముఖద్వారమున కోరంగి అను రేవు ఉండెడిది. ఆ కాలమున అది ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపొందిన స్థలము. 1839 నవంబరులో పెనుతుపాను ఆ రేవును ముంచివేసినది. అంతకు అర్ధశతాబ్దికి ముందు, 1789 డిసెంబరులో, ఆ ఊరే మూడు మహాతరంగములకు బలియైనది. మొదటి తరంగము ఓడలను గట్టెక్కించి విరుగగొట్టెను; తరువాతివి ఊరిపై పడి జనులను ఇండ్లతోసహ తుడిచిపెట్టెను. పిడ్డింగ్టను ఈ వృత్తాంతములను శ్రద్ధగా సేకరించెను. తుపానులో మనుష్యుని చంపునది గాలి యొక్కటే కాదనియు, గాలి త్రోసుకొని వచ్చు నీరు అంతకంటె ఘోరమైనదనియు కోరంగి కథ వలన ఆతనికి దృఢపడినది. మనవారు ఆ నీటినే ఉప్పెన అందురు.

హిందూ మహాసముద్రమున జరిగిన మరియొక సంగతి ఆతని సిద్ధాంతమునకు తిరుగులేని సాక్ష్యమైనది. 1845 ఫిబ్రవరిలో చార్లెసు హెడ్డిలు అను చిన్న ఓడ మారిషసు దీవి సమీపమున తుపానులో చిక్కెను. దాని కెప్టెను గాలికి ఎదురునిలువజాలక, గాలి ఎటు తోసిన అటు ఓడను పోనిచ్చెను. దినములు గడచినను గాలి తగ్గలేదు. ఎంత దూరము పోయినను తుపాను ఓడను విడువలేదు. ఆ దినచర్య పుస్తకమును చూచి పిడ్డింగ్టను పటముపై గీతలు గీయగా, ఆ ఓడ ఐదు దినములలో తుపాను కేంద్రము చుట్టు ఐదుమార్లు ప్రదక్షిణము చేసినట్లు తేలెను! గానుగ చుట్టు తిరుగు ఎద్దు ఎన్ని క్రోసులు నడచినను గానుగను విడిచి పోజాలదు గదా! తుపాను చక్రమని ఎరిగియున్నచో ఆ కెప్టెను మొదటి దినముననే ప్రక్కకు తొలగిపోయి ఉండును. తెలియనందున అందరును అన్ని దినములు ప్రాణములు అరచేత పట్టుకొని ఉండవలసివచ్చెను.

ఇచ్చటనే పిడ్డింగ్టను గొప్పతనము మనకు కానవచ్చును. తాను కనుగొన్నదానిని పండితుల పత్రికలో ప్రకటించి ఊరకుండుట ఆతనికి తృప్తినీయలేదు. ఓడ నడుపువానికి పండితుల పత్రిక దొరకదు, దొరకినను చదువుటకు తీరిక ఉండదు. గాలివాన వచ్చిపడినప్పుడు గణితము చేయుచు కూర్చుండ వీలులేదు. కావున, చదువు తక్కువైనవాడును నిమిషములో ఉపయోగించుకొనదగిన సాధనమును ఆతడు ఆలోచించెను. పశువుల కొమ్మును వేడినీట మెత్తపరచి పలుచని పొరలుగ చీల్చిన, అది అద్దమువలె కాంతిని పోనిచ్చును. అట్టి పలుకపై వలయములను గీయించి, వలయముల వెంట గాలి దిక్కులను తెలుపు బాణములను వేయించెను. ఉత్తరార్ధగోళమునకు ఒక పలుక, దక్షిణార్ధగోళమునకు ఒక పలుక. నావికుడు తన ఓడ ఉన్న తావున పటముపై ఈ పలుకను పెట్టి, తనకు వీచుచున్న గాలితో సరిపోవు బాణము దొరకువరకు జరిపినచో, తుపాను కేంద్రము ఎక్కడనున్నదో ఆ పలుక ద్వారా పటముపై కనబడును. అటుపై ఏవైపు పారిపోవలెనో కన్నులయెదుటనే ఉండును.

ఈ పలుకలతో కూడిన గ్రంథమును పిడ్డింగ్టను 1848లో ప్రకటించి, దానికి నావికుల హారన్‌బుక్కు అని పేరిడెను. వెనుకటి కాలమున ఇంగ్లండులో పిల్లలు అక్షరములు నేర్చుటకు చిన్న కొయ్యపలుకపై కాగితమంటించి, మాసిపోకుండ దానిపై కొమ్ముపొరను కప్పెడివారు. దానిని హారన్‌బుక్కు అనెడివారు. మనకు పెద్దబాలశిక్ష ఎట్టిదో వారికి అది అట్టిది. తుపానుల విషయమున ఎంతటి కెప్టెనైనను ఓనమాలు దిద్దుకొనవలసిన బాలుడే అను భావము ఆ పేరులో ఇమిడియున్నది. సైక్లోను అను మాటను ఆతడు లోకమున ప్రవేశపెట్టినది ఈ గ్రంథముననే. చుట్టచుట్టుకొన్న పామును తలపించు ఒక గ్రీకు పదమునుండి దానిని ఆతడు తీసికొనెను. గాలి ఎంత బలమైనదని ఆ మాట చెప్పదు; ఎట్లు తిరుగునో చెప్పును. పేరు విన్నవానికి అందలి నియమము స్ఫురించుటయే ఆతని కోరిక.

ఆ నియమమును విద్యార్థులు తమ ఇంటి ముంగిట నిలిచియే పరీక్షించుకొనవచ్చును. బంగాళాఖాతమున తుపాను లేచినదని తెలిసి గాలి వీచుచున్నప్పుడు, ఇంకను ప్రమాదము దూరమున ఉండగనే, గాలికి ఎదురుగ ముఖము పెట్టి నిలుచుండి కుడిచేయి చాపవలెను. తుపాను కేంద్రము ఇంచుమించు ఆ చేతి దిక్కున, కొంచెము వెనుకగా ఉండును. బందరులో ఉత్తరపుగాలి గట్టిగ వీచుచున్నదనుకొందము. ఉత్తరముఖముగ నిలిచినవాని కుడిచేయి తూర్పును చూపును. అనగా తుపాను ఇంకను సముద్రము మీదనే ఉన్నదన్నమాట. పిడ్డింగ్టను కాలమున గాలి సరియైన వలయమున తిరుగునని భావించిరి. అది లోపలికి ఒరయుచు సుడులు తిరుగునని తరువాత తేలినది. అందుకే కేంద్రము చేతికి కొంచెము వెనుకగా ఉండును. ఈ చిన్న సవరణ తప్ప నియమము నేటికిని చెక్కుచెదరలేదు.

చక్రపు నడుమ మరియొక మాయ కలదు. అక్కడ గాలి ఉండదు. కేంద్రము ఒక ఊరిమీదుగ పోవునప్పుడు అంతవరకు అరచుచుండిన గాలి ఒక్కసారిగా ఊరకుండును. వాన వెలియును, ఒక్కొక్కప్పుడు మబ్బు విడి చుక్కలు కూడ కనబడును. గండము గడిచెనని జనులు వెలుపలికి వచ్చి, ఎగిరిపోయిన కప్పులను, తప్పిపోయిన పశువులను వెదకుకొనుటకు పోవుదురు. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కునుండి మునుపటి బలముతో వచ్చి పడును. ఒకవైపు గాలికి ఒరిగి నిలిచిన గోడలు రెండవవైపు గాలికి కూలును. పిడ్డింగ్టను నావికులకు ఈ శాంతిని నమ్మవద్దని మరిమరి బోధించెను. నేలమీది వారికిని అదే బోధ. తుపాను దాటిపోయినదని ఆకాశవాణిగాని, గ్రామాధికారులుగాని తెలుపువరకు వెలుపలికి రాగూడదు.

సుడిగాలి అనగానే వేసవిలో కళ్లములలో లేచి ఎండుటాకులను, ధూళిని పైకి ఎగరవేయు సుడి పిల్లలకు జ్ఞప్తికి వచ్చును. అదియు గిరగిర తిరుగునదే. దానికి భయపడ పనిలేదు, కన్నులు మూసికొని ప్రక్కకు తొలగిన చాలును. దానికంటె ఎన్నో రెట్లు బలమైనది టోర్నడో. ఇది ఉరుముల మేఘమునుండి ఏనుగు తొండమువలె నేలకు దిగి, సన్నని బాటవెంట పోవుచు, కొన్ని నిమిషములలో ఎదురైనదానినెల్ల పెరికివేయును. తుపానైతే వందల మైళ్ల వెడల్పున, దినముల తరబడి సాగును. పిడ్డింగ్టను తన గ్రంథమున చిన్న సుడిగాలులను, సముద్రముపై లేచు నీటిస్తంభములను గూర్చియు వ్రాసెను. టోర్నడో అమెరికాలో తరచుగ వచ్చును. మన దేశమున వంగదేశము వైపున అప్పుడప్పుడు వచ్చుచుండును. 1838 ఏప్రిలులో కలకత్తా పొరుగున వచ్చిన టోర్నడో రెండు వందలమందికి పైగా పొట్టన పెట్టుకొనినది. టోర్నడోకు ముందుగ హెచ్చరిక దొరకు వ్యవధి స్వల్పము. దానిని చూచిన వెంటనే గట్టి ఇంటిలోని నడిమిగదిలో, కిటికీలకు దూరముగ, తల కాచుకొని కూర్చుండవలెను. బయలున చిక్కినవారు పల్లపు గుంటలో బోర్లపడుకొనవలెను. తుపానులో ఉప్పెనకు మాత్రము దీనికి విరుద్ధముగ పల్లము విడిచి మెరకకు పోవలెను. ఈ భేదము తెలియకున్న ఒకదాని ఉపాయము రెండవదానిలో ప్రాణము తీయును.

పిడ్డింగ్టను జీవితమున చివరి ఘట్టము ఉప్పెనకు సంబంధించినదే. కలకత్తాకు దక్షిణమున సుందరవనములలో మాతలా నదిపై క్రొత్త రేవు నిర్మింపవలెనని ప్రభుత్వము తలపెట్టెను. హుగ్లీ నది పూడిపోవునేమో అను భయము అందుకు కారణము. పిడ్డింగ్టను పటములను ముందిడుకొని చూచెను. ఆ తావు సముద్రపు తరంగమునకు తలుపు తెరచిపెట్టినట్లుండెను. 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి ఆతడు బహిరంగముగ ఒక లేఖ వ్రాసి, అక్కడ రేవు కట్టినచో ఏనాడో ఒకనాడు తుపాను తరంగము దానిని ముంచి తీరునని హెచ్చరించెను. పదవులలో ఉన్నవారికి ఆ వృద్ధ నావికుని మాట రుచింపలేదు. 1858 ఏప్రిలు 7వ తేదీన పిడ్డింగ్టను కలకత్తాలోనే కన్నుమూసెను. తరువాత క్యానింగు రేవు కట్టబడెను, ధక్కాలు, భవనములు లేచెను, రైలుమార్గము వేయబడెను. 1867 నవంబరులో తుపాను వచ్చెను. తరంగము ఆరు అడుగుల ఎత్తున రేవుపై పారెను. కట్టినదంతయు శిథిలమై, కొలదికాలమునకే ఆ రేవును విడిచిపెట్టవలసివచ్చెను.

కాని అంతకుమునుపే, 1864లో, మరి రెండు ఘోరములు జరిగియుండెను. అక్టోబరు 5వ తేదీన కలకత్తాను, నవంబరు 1వ తేదీ రాత్రి బందరును తుపానులు తాకెను. బందరు అప్పటికి శతాబ్దముల చరిత్ర కలిగిన రేవు. డచ్చివారు, ఆంగ్లేయులు వర్తకము చేసిన పట్టణము. చీకటిలో సముద్రము లేచి వచ్చి పట్టణమును, చుట్టుప్రక్కల పల్లెలను ముంచివేయగా, ఇంచుమించు 30,000 మంది ఒక్క రాత్రిలో అసువులు బాసిరి. నీరు మైళ్లకొలది లోనికి చొచ్చుకొనిపోయెను. బందరు మరల మునుపటి వైభవమును పొందలేదు. పిడ్డింగ్టను గ్రంథము వెలువడి అప్పటికి పదునారేండ్లు. నడిసముద్రముననున్న నావికుని చేతిలో కొమ్ముపలుక ఉండెను గాని, ఒడ్డున నిదురించుచున్న పల్లెవాని చేతిలో ఏమియు లేదు. ఓడకు కలిగిన విద్య గుడిసెకు చేరుటకు చాలకాలము పట్టినది. ఇది పిడ్డింగ్టను దోషమనరాదు. ఆతడు నావికుడు; నావికులకు వ్రాసెను. ఒడ్డును గూర్చి ఒక్కమారు నోరు విప్పగా వినినవారు లేరు.

ఆ రెండు తుపానుల పిమ్మట ప్రభుత్వము మేలుకొనెను. 1865లో కలకత్తా రేవున తుపాను హెచ్చరికలు మొదలయ్యెను. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. తరువాత క్రమముగ రేవులన్నిటను ప్రమాదసూచికలు నిలిపిరి. పగలు కొయ్యస్తంభముపై శంకువులు, పీపాలవంటి ఆకారములు. రాత్రి ఎరుపు తెలుపు దీపములు. బందరు రేవున ఫలాని నంబరు సూచిక ఎగురవేసిరని మనము వినుచుండు వార్త ఇదియే. అందు ఎనిమిదవ నంబరు మహాప్రమాద సూచికకు, రేవు తుపాను బాటకు ఎడమప్రక్క ఉండునని అర్థము. తొమ్మిదవదానికి కుడిప్రక్క ఉండునని అర్థము. పదవదానికి తుపాను రేవు మీదుగనో, మిక్కిలి సమీపమునుండియో పోవునని అర్థము. పిడ్డింగ్టను చక్రము తెలిసినవానికి ఈ కుడియెడమల భేదము సులభముగ బోధపడును. మన తీరమునకు వచ్చు తుపాను పడమటి దిక్కునకు సాగునప్పుడు, దాని కుడిప్రక్క గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. నీటిని ఒడ్డుపైకి త్రోయునది ఆ గాలియే. ఎడమప్రక్క గాలి నేలమీదినుండి సముద్రమునకు పోవును గాన అక్కడ ఉప్పెన తక్కువ.

1977 నవంబరు 19వ తేదీన ఈ నియమము దివిసీమలో రుజువైన తీరు తలచుకొన్న నేటికిని గుండె ఝల్లుమనును. ఆనాడు తుపాను చీరాల సమీపమున తీరమును దాటెను. దివిసీమ ఆ బాటకు కుడిప్రక్కన చిక్కెను. పదునారు అడుగులకు మించిన కెరటము పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు పల్లెల మీదుగ లోపలికి పారెను. తాటిచెట్ల తలలు పట్టుకొని కొందరు బ్రతికిరి. పదివేలమందికి పైగా మరణించిరి, పశువులకు లెక్కలేదు. హెచ్చరికలు బొత్తిగ లేకపోలేదు. కాని పూరిగుడిసె విడిచి ఎక్కడికి పోవలెను? ఎక్కుటకు మెరక లేదు, దాగుటకు మేడ లేదు. చెప్పుట ఒక్కటే చాలదనియు, పోవుటకు చోటు చూపవలెననియు నాడు అందరికిని తెలిసివచ్చెను. ఆ పిమ్మటనే తీరము వెంబడి గట్టి కాంక్రీటు స్తంభములపై తుపాను రక్షణ భవనములు లేచినవి.

1990 మే 9వ తేదీన అంతటి తుపానే కృష్ణ ముఖద్వారము దాపున తీరమును తాకెను. పంటలు పోయెను, ఇండ్లు కూలెను. కాని తుపాను రాకకు ముందే 1,50,000కు పైగా జనులను పల్లపు గ్రామములనుండి తరలించిరి. ఈసారి మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచెను. గాలి తగ్గలేదు, నీరు తగ్గలేదు. జనులు ముందుగ కదలిరి, అంతే భేదము.

నేడు ఆకాశమునుండి ఉపగ్రహములు తీసిన చిత్రములలో పిడ్డింగ్టను గీసిన చక్రము కన్నులకు కట్టినట్లు కనబడును. నడుమ కన్నువంటి రంధ్రము, చుట్టు తెల్లని మేఘముల చుట్టలు. తీరమున తుపాను ఎప్పుడు దాటునో ముందుగనే చెప్పుచున్నారు. హెచ్చరిక వినబడిన నాడు తీరగ్రామముల పిల్లలు చేయవలసిన పనులు కొలదిగ ఉన్నవి. కెరటములను చూచుటకు సముద్రతీరమునకు పోరాదు. అటుకులు, బెల్లము, మంచినీరు, పుస్తకములు, ఇంటి కాగితములు మూటగట్టి పెద్దల చేతికీయవలెను. పశువుల పలుపులు విప్పవలెను. కట్టివేసిన పశువు నీటిలో ఈదలేదు. చీకటి పడకమునుపే అవ్వలను, పసివారిని వెంటబెట్టుకొని రక్షణ భవనమునకు చేరవలెను. చెట్ల క్రింద, పాతగోడల ప్రక్క, తెగిన విద్యుత్తీగల దాపున నిలువరాదు. గాలి ఒక్కమారు ఆగిన, వెలుపలికి పరుగెత్తరాదు.

తీరమందలి ఆ రక్షణ భవనములలో పెక్కింట తుపాను లేని కాలమున పాఠశాలలు నడచును. కొమ్ముపలుకలు ఇప్పుడు లేవు. నల్లబల్లపై సుద్దముక్కతో ఒక వలయము గీసి, దానిచుట్టు గడియారపు ముల్లునకు ఎదురుగ బాణములు వేసిన చాలును.